యుద్ధం నడుస్తున్న దేశంలో క్షామాన్ని ఆపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టోలీచౌకిలో మా వీధి చివరి ఇంట్లో నలుగురు సూడాన్ విద్యార్థులు అద్దెకుంటారు. వాళ్ల దేశం సంగతి వార్తల్లో వచ్చినప్పుడల్లా మా అపార్ట్‌మెంట్‌లో అవే ప్రశ్నలు మొదలవుతాయి. పౌరసరఫరాల గోదాముల్లో ఇరవై ఆరేళ్లు బస్తాలు లెక్కపెట్టినవాణ్ని కాబట్టి, తిండి విషయం నాకే తెలియాలన్నట్టు అందరూ నా దగ్గరికే వస్తారు. రిటైరయ్యాక తీరిక దొరికి చదువుకున్నది, ఆ కుర్రాళ్లు చెప్పగా విన్నది, గోదాము అనుభవం నేర్పింది కలిపి ఇక్కడ రాసిపెట్టాను. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## అసలు సంగతి

వానలు పడకపోతేనే కదా కరువు? యుద్ధానికీ దానికీ ఏంటి సంబంధం?

మన మాటలోనే ఓ చిక్కుంది. వాన పడకపోయినా కరువే అంటాం, జనం ఆకలితో పోయినా కరువే అంటాం. ప్రభుత్వం 'కరువు మండలాలు' అని ప్రకటించేది మొదటి రకం. రెండోదాన్ని ఇక్కడ క్షామం అంటున్నాను. వాన లేకపోతే పంట పోతుంది, అంతే. పంట పోయిన ఊరికి పక్క జిల్లా నుంచి లారీ వస్తే అక్కడ క్షామం రాదు. యుద్ధం ఆ లారీనే ఆపుతుంది.

సూడాన్‌నే చూడండి. 2023 ఏప్రిల్ 15న జనరల్ బుర్హాన్ సైన్యానికీ, హెమెద్తిగా పేరుపడ్డ దగాలో నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళాలకూ మధ్య పోరు మొదలైంది. నీలి నైలు కాలువల కింద పండే గెజీరా ఆ దేశానికి మన గోదావరి డెల్టా లాంటిది. ఆ ఏడాది డిసెంబరులో ఆర్‌ఎస్‌ఎఫ్ అక్కడి వాద్ మదని పట్టణాన్ని పట్టుకుంది. ట్రాక్టర్లు పోయాయి, గోదాములు దోచుకున్నారు, రైతులు పొలాలు వదిలి పారిపోయారు. నైలులో నీళ్లు మాత్రం ఎప్పట్లాగే పారుతున్నాయి.

తెలుగులో కడుపు మాడటం వేరు, కడుపు మాడ్చటం వేరు. యుద్ధ క్షామాల్లో జరిగేది రెండోది. ఇది పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మన దగ్గరా డొక్కల కరువు లాంటివి వచ్చాయిగా. అప్పుడు యుద్ధం లేదు కదా?

లేదు, కానీ తిండిని కదలనివ్వకపోవడం, లేదా తప్పు దిక్కుకు కదిలించడం అప్పుడూ ఉంది. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు తుడిచిపెట్టింది. ఆ జిల్లాలో 5 లక్షల జనాభా ఉంటే దాదాపు 2 లక్షల మంది పోయారంటారు. 1876-78 నాటి ధాతు కరువులో రాయలసీమ అల్లాడుతుంటే ఓడరేవుల నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. పైగా రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయ పనుల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు చాలన్నాడు. ఆ అనుభవం తర్వాతే 1880లలో ఫామిన్ కోడ్‌లు వచ్చాయి. ధరలు ఎంత పెరిగితే, జనం ఎప్పుడు ఊళ్లు వదిలితే ఏం చేయాలో కలెక్టరుకు ముందే రాసిచ్చిన పుస్తకాలవి. ఇప్పుడు ప్రపంచమంతా వాడే హెచ్చరిక పద్ధతులకు అవే ముత్తాతలు.

1943 బెంగాల్ క్షామం మాత్రం అచ్చంగా యుద్ధకాలపుది. జపాన్ వాళ్ల చేతికి చిక్కకూడదని తీరప్రాంతంలో పడవలను ముందే స్వాధీనం చేసుకున్నారు. పడవ లేకపోతే అక్కడ చేపా లేదు, ధాన్యపు రవాణా లేదు. సుమారు 30 లక్షల మంది పోయారు. తిండి ఉండటం ఒకటి, దాన్ని కొనే స్తోమత ఉండటం మరొకటి అని అమర్త్య సేన్ తేల్చి చెప్పింది ఆ క్షామం గురించే.

క్షామం అని ఎవరు తేలుస్తారు? ఏదైనా లెక్క ఉంటుందా?

ఉంది, దాని పేరు ఐపీసీ. మన పాత శిక్షాస్మృతి కాదండీ, ఆకలిని 5 దశలుగా కొలిచే పద్ధతి. 2004లో సోమాలియా పనుల్లో పుట్టింది. అయిదో దశ, అంటే క్షామం అనాలంటే మూడూ కుదరాలి. నూటికి కనీసం 20 కుటుంబాలకు తిండి దాదాపు లేకపోవాలి. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 30 మంది తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి. రోజుకు ప్రతి 10 వేల మందిలో ఇద్దరు, లేదా అయిదేళ్లలోపు 10 వేల పిల్లల్లో నలుగురు చనిపోతూ ఉండాలి.

10 వేలకు ఇద్దరంటే చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. లక్ష మంది ఉన్న శిబిరంలో అది రోజుకు 20 శవాలు, నెలకు 600.

ప్రకటన వచ్చాక సాయం వెల్లువలా వస్తుంది కదా?

రావచ్చు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. సోమాలియాలో 2011 జులై 20న క్షామం ప్రకటించారు. ఆ క్షామంలో పోయిన సుమారు 2 లక్షల 60 వేల మందిలో దాదాపు సగం మంది ఆ తేదీకి ముందే పోయారు. సూడాన్ పడమటి ప్రాంతమైన దార్‌ఫుర్‌లో, ఎల్ ఫాషర్ పట్టణం దగ్గరున్న జమ్‌జమ్ శిబిరంలో సగటున రెండు గంటలకో పసిబిడ్డ చనిపోతోందని ఎంఎస్‌ఎఫ్ అనే వైద్య సేవాసంస్థ డాక్టర్లు 2024 ఫిబ్రవరిలోనే చెప్పారు. అక్కడ క్షామం ఉందని తేల్చింది ఆగస్టులో. మధ్యలో ఆరు నెలలు.

ప్రకటన వచ్చిందని ఏ దేశమూ చట్టప్రకారం కదిలి తీరాలన్న నియమం కూడా లేదు. అది థర్మామీటర్ లాంటిది, మందు కాదు.

ఎక్కడైనా ఆపగలిగారా, లేక అన్నీ చేయి దాటాక చేసినవేనా?

ఆపారు. దక్షిణ సూడాన్‌లో 2017 ఫిబ్రవరిలో లేర్, మాయెన్‌డిట్ ప్రాంతాల్లో క్షామం ప్రకటించారు. దాదాపు లక్ష మంది అందులో చిక్కుకున్నారు. తిండి, వైద్యం ఒక్కసారిగా పెంచడంతో నాలుగు నెలల్లో, జూన్ నాటికి, ఆ దశ దాటారు. సోమాలియాలో 2022లో వరసగా వానలు ముఖం చాటేశాయి, అల్ షబాబ్ మిలిటెంట్లతో పోరూ ఆగలేదు. బైదోవాలో క్షామం ఖాయమన్నారు, సాయం పెరిగి ఆగింది. అలాగని పండగ చేసుకునే సంగతి కాదు. ఆ ఒక్క ఏడాదే అక్కడ 43 వేల అదనపు మరణాలు జరిగాయని అంచనా. క్షామం అనే గీత దాటకపోయినా మనుషులు పోతారు.

## ముందుగా కనిపించే గుర్తులు

క్షామం వస్తోందని ముందే ఎలా తెలుస్తుంది?

సంతలో తెలుస్తుంది. ఒక మేకను అమ్మితే ఎన్ని బస్తాల జొన్నలు వస్తాయన్నది సూడాన్, సోమాలియా ప్రాంతాల్లో పాత కొలమానం. అందరూ ఒకేసారి మేకలు అమ్మకానికి తెస్తే మేక ధర పడిపోతుంది, జొన్న ధర ఎగురుతుంది. ఆ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన వారమే గంట కొట్టాలి. తర్వాత ఆడవాళ్ల వెండి సామాను, ఆ తర్వాత ఎద్దులు, చివరికి విత్తనపు గింజలు. విత్తనం వండుకు తిన్నారంటే వచ్చే ఏడాదిని కూడా తినేసినట్టే.

ఇంకో గుర్తు ఏం తింటున్నారన్నది. మా వీధి కుర్రాళ్లలో ఒకరి పెద్దమ్మ ఎల్ ఫాషర్‌లో ఉండేది. 2024 మేలో ఆ ఊరు ముట్టడిలో చిక్కుకుంది. ఒకరోజు అతను ఫోన్‌లో ఫొటో చూపించి "అంబాజ్" అన్నాడు. గోధుమరంగు పెచ్చులు, గిన్నెలో నానబెట్టినవి. నాకు అర్థం కాలేదు. వేరుశనగ నుంచి నూనె తీశాక మిగిలేది అని చేతులతో గానుగ తిప్పినట్టు చూపించాడు. చెక్క! మా ఊళ్లో గేదెలకు కుడితిలో కలిపే వేరుశనగ చెక్క. ఆ ఊళ్లో మనుషులు నెలల తరబడి అది తిన్నారు. చివరికి అదీ దొరకలేదు. 2025 అక్టోబరు చివర్లో ఎల్ ఫాషర్ ఆర్‌ఎస్‌ఎఫ్ వశమైంది. నవంబరులో ఆ ఊళ్లోనూ, దక్షిణ కొర్దోఫాన్‌లోని కదుగ్లీలోనూ క్షామం ఉందని తేల్చారు.

చిన్నపిల్లల పరిస్థితి కొలవడానికి డాక్టరే వెళ్లాలా?

అక్కర్లేదు. మన అంగన్‌వాడీల్లో చూసే ఉంటారు, జబ్బ చుట్టూ వేసే రంగుల టేపు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లలకు భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుడతారు. 12.5 సెంటీమీటర్లు పైన ఆకుపచ్చ, 11.5 నుంచి 12.5 దాకా పసుపు, 11.5 కన్నా తక్కువైతే ఎరుపు. ఎరుపులో ఉన్న చెయ్యి లావు ఎంతో తెలియాలంటే మీ బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. ఆ సున్నాలో పిల్లవాడి జబ్బ పట్టేస్తుంది.

ఈ టేపును తల్లులకే నేర్పించేస్తే దారులు మూసుకుపోయినా కొలత ఆగదు. చాలా దేశాల్లో ఇప్పుడు అదే చేస్తున్నారు.

## బస్తా కదిలాక

ఒక ఊరికి ఎంత తిండి కావాలి? లెక్క చెప్పండి.

ఇది నాకిష్టమైన ప్రశ్న. మనిషికి రోజుకు 2,100 కేలరీలు అందేలా రేషన్ వేస్తారు. గింజలు 400 గ్రాములకు పైగా, పప్పు 60 గ్రాముల దాకా, కొంచెం నూనె, ఉప్పు. అన్నీ కలిపి అర కిలో అనుకోండి. నెలకు 15 కిలోలు. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఇచ్చే 6 కిలోల సన్నబియ్యంతో పోల్చకండి. ఇక్కడ అది ఇంటి తిండికి తోడు, అక్కడ మొత్తం తిండే ఇది.

లక్ష మందికి నెలకు 1,500 టన్నులు. లారీకి 25 టన్నులు వేస్తే 60 లారీలు. రోజుకు రెండు. మా గోదాము గేటులోంచి అంతకు ఎన్నో రెట్లు ఒక్క పూటలో వెళ్లేవి. అందుకే ప్రపంచంలో తిండి లేక క్షామం వస్తోందంటే నేను నమ్మను. రోజుకు రెండు లారీలను వెళ్లనివ్వకపోవడం వల్ల వస్తోంది.

మరి ఆ రెండు లారీలు ఎందుకు వెళ్లలేవు?

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటాం కదా, అక్కడ పూజారులు చాలామంది. రాజధానిలో ఒక పర్మిట్, రాష్ట్రంలో ఇంకోటి, దారిలో ప్రతి చెక్‌పోస్టులో తుపాకీ పట్టుకున్న కుర్రాడి ఇష్టం. చాద్ నుంచి దార్‌ఫుర్‌కు దగ్గరి దారి అద్రే సరిహద్దు. ఆయుధాలు వస్తున్నాయంటూ సూడాన్ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో దాన్ని మూసి, ఆగస్టు మధ్యలో మూడు నెలలకని తెరిచింది, తర్వాత పొడిగిస్తూ వచ్చింది. తెరిచింది వానాకాలంలో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దార్‌ఫుర్ వాగులు పొంగి లారీలు రోజుల తరబడి ఒడ్డునే నిలబడతాయి. సరిగ్గా ఇళ్లలో గింజలు నిండుకునేదీ అప్పుడే.

సంతకం విలువ నాకు తెలుసు. ఒక తుఫాను ఏడాది మా గోదాములో బియ్యం పైకప్పు దాకా ఉన్నాయి. విడుదల కాగితం మీద పై ఆఫీసు సంతకం రాక రెండు రోజులు లారీలు గేటు దగ్గరే నిలబడ్డాయి. అక్కడ తుపాకులు లేవు, చెడ్డవాళ్లూ లేరు. అయినా రెండు రోజులు పట్టింది.

దారి మూస్తే విమానాల్లోంచి పడేయొచ్చుగా?

వేరే దిక్కే లేనప్పుడు వేస్తారు. పెద్ద రవాణా విమానం ఒక విడతకు మోసేది సుమారు 30 టన్నులు, అంటే ఒక లారీ లోడు. ఖర్చు రోడ్డు కంటే ఏడు రెట్ల దాకా అవుతుంది. సిరియాలో ముట్టడిలో ఉన్న దెయిర్ అల్ జోర్ మీద 2016 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం మొదటిసారి 21 పెట్టెలు వదిలింది. నాలుగు దెబ్బతిన్నాయి, ఏడు ఎవరూ అడుగుపెట్టలేని చోట పడ్డాయి, పది ఏమయ్యాయో తెలియలేదు. తర్వాత పద్ధతి మార్చుకుని చాలా నెలలు బాగానే నడిపారు. కానీ పైనుంచి పడ్డ బస్తాను ముందు అందుకునేది బలమున్నవాడు, పాలిచ్చే తల్లి కాదు.

ఓడరేవులు ఉన్న దేశానికి ఏం ఇబ్బంది?

యెమెన్‌ను చూడండి. గోధుమల్లో 90 శాతం దాకా బయటినుంచే రావాలి. సరుకులో ఎక్కువ భాగం దిగేది హొదైదా రేవులో. 2015 ఆగస్టులో బాంబుదాడిలో అక్కడి నాలుగు క్రేన్లు పోయాయి. వాటి బదులు క్రేన్లు దిగడానికి 2018 జనవరి దాకా పట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో పోరు ఊరిదాకా వచ్చి రెడ్ సీ మిల్లులకు దారి తెగింది. లోపల 51 వేల టన్నుల గోధుమలు, 37 లక్షల మందికి నెల తిండి. అయిదు నెలల తర్వాత, 2019 ఫిబ్రవరిలో గానీ మనుషులు లోపలికి వెళ్లలేకపోయారు. గోధుమలకు పురుగు పట్టింది. ముందు మందు పొగ వేయాలన్నారు. గోదాము మనిషిని కదా, ఈ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పంపిందంతా తుపాకీవాళ్లే మింగేస్తారంటగా?

కొంత మింగుతారు. లేదంటే అబద్ధమవుతుంది. కాజేస్తున్నారని తేలి 2019లో యెమెన్ రాజధాని సనాలో ప్రపంచ ఆహార కార్యక్రమం కొంత పంపిణీ ఆపింది. 2023లో ఇథియోపియాలో దేశమంతా ఆపేశారు. అయితే ఆపితే శిక్ష పడేది దొంగకు కాదు, వరసలో నిలబడ్డవాడికి. వేలిముద్రలు, బస్తా మీద నంబర్లు, ఊరివాళ్లే చదివే లబ్ధిదారుల జాబితా, ఇవి కొంతవరకు పనిచేస్తాయి. నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసేది చవక సరుకు. జొన్నలు, శనగలు దొంగిలించడం లాభసాటి కాదు. పైగా ఊళ్లోకి సరుకు ఎక్కువగా వచ్చేకొద్దీ దొంగిలించిన దానికి ధర పడిపోతుంది. కొరత పెంచితే దొంగకే లాభం.

బియ్యం బదులు డబ్బులిస్తే సరిపోదా? ధరలు పెరగవా?

బజారు బతికున్నచోట డబ్బే మేలు. లారీ అక్కర్లేదు, వ్యాపారి తనే సరుకు తెచ్చుకుంటాడు, తనకు తెలిసిన దొంగదారుల్లో అయినా సరే. సోమాలియాలో హవాలా వ్యాపారులు, ఫోన్ డబ్బు మీద ఇది పెద్ద ఎత్తున నడిచింది. సూడాన్‌లో బంకక్ అనే బ్యాంకు యాప్ మన ఫోన్‌పే లాగా పనిచేస్తుంది. నెట్‌వర్క్ లేనిచోట శాటిలైట్ డబ్బా పెట్టుకున్న దుకాణం ముందు క్యూ కడతారు, నోట్లు కావాలంటే కమీషన్ కోసిస్తారు. ముట్టడిలో ఉన్న ఊరికి మాత్రం ఇది పనికిరాదు. బస్తాలు లోపలికి రానప్పుడు అందరి చేతిలో డబ్బు పోస్తే ఉన్న ఒక్క బస్తా ధర పెరుగుతుంది.

బయటివాళ్లు వెళ్లలేనిచోట ఎవరు వండిపెడుతున్నారు?

ఆ వీధివాళ్లే. సూడాన్‌లో 2018-19 ఉద్యమం నాటి వీధి కమిటీల నుంచి ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ పుట్టాయి. వాళ్లు నడిపే గంజి కేంద్రాలను తకాయా అంటారు. రంజాన్‌లో పాతబస్తీలో వీధికొకటి ఎక్కే దేగ్‌లను ఊహించుకోండి, కానీ ఏడాది పొడవునా, లోపల హలీమ్ కాదు, పలచటి పప్పు. లాక్‌డౌన్‌లో మన బస్తీల్లోనూ కుర్రాళ్లు ఇలాగే వండారు. అక్కడ షెల్లు పడుతుంటే వండుతున్నారు. వాలంటీర్లను రెండు పక్షాలూ అనుమానించి జైల్లో వేసిన సందర్భాలున్నాయి. 2025 జనవరిలో అమెరికా సాయం హఠాత్తుగా నిలిచిపోగానే వెయ్యికి పైగా పొయ్యిలు ఆరిపోయాయి. క్షామాన్ని ఆపే డబ్బులో ఒక్క రూపాయే ఉంటే ఎక్కడ పెడతారని నన్నడిగితే, ఆ దేగ్‌ల కింద పెడతాననే చెబుతాను.

## ప్రాణం మీదికొచ్చాక

బాగా చిక్కిపోయిన పిల్లవాడికి కడుపునిండా అన్నం పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఆకలికి అలవాటుపడ్డ ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. జబ్బు కూడా ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో పలచటి పాలతో మొదలుపెడతారు. ఆకలి వేస్తూ, జబ్బు లేని పిల్లలకు మాత్రం ఇంటి దగ్గరే వేరుశనగ ముద్ద ప్యాకెట్లు ఇస్తారు. 1990లలో ఫ్రాన్సులో కనిపెట్టారు. వేరుశనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు. 92 గ్రాముల ప్యాకెట్, 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, మూల చింపి పీల్చడమే. కలుషితమైన నీళ్లున్నచోట అదే దాని గొప్పదనం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చాలామంది కోలుకుంటారు.

ఆకలితోనే చనిపోతారా?

నేరుగా ఆకలితో పోయేవాళ్లు తక్కువ. నీరసించిన ఒంటిని తట్టు, విరేచనాలు, న్యుమోనియా, కలరా తీసుకుపోతాయి. సూడాన్‌లో 2024 జులై నుంచి ఏడాదిలో సుమారు లక్ష కలరా కేసులు వచ్చాయి. అందుకే తట్టు టీకా, క్లోరిన్ బిళ్లలు, బోరు పంపుకు డీజిల్ కూడా క్షామ నివారణ కిందికే వస్తాయి. బియ్యం బస్తా ఫొటోకు బాగుంటుంది, డీజిల్ డబ్బాను ఎవరూ ఫొటో తీయరు.

గింజలు సరిపడా ఇస్తే చాలు కదా, మిగతావి విలాసమేగా?

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1960ల ప్రాంతంలో జొన్నలే తినే పేదల్లో వచ్చే పెల్లాగ్రా అనే చర్మవ్యాధి మీద పేరున్న పరిశోధన జరిగింది. మెడ చుట్టూ, చేతుల మీద కాలినట్టు నల్లటి మచ్చలు. నయాసిన్ అనే విటమిన్ లోపం. 1990లో మలావీలో ఉన్న మొజాంబిక్ శరణార్థుల రేషన్ నుంచి వేరుశనగలు తగ్గిపోయాయి. కడుపు నింపే మక్కలు వస్తూనే ఉన్నాయి. నెలల్లో 18 వేలకు పైగా పెల్లాగ్రా కేసులు. గుప్పెడు పల్లీలే తేడా.

## పొలం, చట్టం

యుద్ధం జరుగుతుంటే వ్యవసాయం ఎవరు చేస్తారు?

చేస్తారండీ. తుపాకులు ఒక ఊళ్లో పేలుతుంటే పదిమైళ్ల అవతల దున్నుతుంటారు. సూడాన్ పంటకాలం మన ఖరీఫ్ లాంటిదే. జూన్, జులైలో విత్తాలి. ఆగస్టులో వచ్చిన విత్తనం తిండిగింజే. విత్తనంతోపాటు కొంచెం తిండి కూడా ఇవ్వకపోతే ఆ విత్తనం కుండలోకే వెళ్తుంది.

విత్తనాలంటే మన పటాన్‌చెరు గుర్తుకు రావాలి. 1972లో పెట్టిన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద పనిచేస్తుంది. ఆ సంస్థ తరఫున సూడాన్‌లో ఉన్న ఇథియోపియా శాస్త్రవేత్త గెబిసా ఎజెటా తయారుచేసిన 'హగీన్ దురా-1' అనే హైబ్రిడ్ జొన్న 1983లో రైతులకు అందింది. ఆయనకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఇప్పటి యుద్ధంలో వాద్ మదనిలోని సూడాన్ విత్తన నిధి దెబ్బతింది. విత్తన నకళ్లు వేరే దేశంలో ఎందుకు దాచుకోవాలో సిరియా ముందే చూపించింది. అలెప్పో దగ్గరి విత్తన నిధి అందుబాటులో లేకుండా పోయాక, 2015లో ఉత్తర ధ్రువానికి దగ్గరున్న స్వాల్‌బార్డ్ ఖజానా నుంచి మొదటిసారి విత్తనాలు వెనక్కి తెచ్చుకున్నారు.

తిండి ఆపడం నేరం కాదా?

నేరమే. ఆకలిని ఆయుధంగా వాడకూడదని 1977 జెనీవా అదనపు ఒప్పందాలు చెప్పాయి. 2018 మేలో భద్రతా మండలి 2417వ తీర్మానం దాన్ని గట్టిగా ఖండించింది. అంతర్యుద్ధాల్లోనూ దీన్ని యుద్ధనేరంగా చేరుస్తూ 2019లో అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి ఆధారమైన రోమ్ శాసనాన్ని సవరించారు, ఒప్పుకున్న దేశాలకే వర్తిస్తుంది. చట్టం భయం చెక్‌పోస్టు కుర్రాడి దాకా చేరడానికి చాలా కాలం పడుతుంది. అయినా పేర్లు రాసిపెట్టుకోవాలి.

యుద్ధం ఆగేదాకా ఏం చేయలేమా?

చేయవచ్చు. 1988లో సూడాన్ దక్షిణాన సుమారు 2 లక్షల 50 వేల మంది పోయాక, 1989లో అటు ప్రభుత్వంతో, ఇటు తిరుగుబాటుదారులతో మాట్లాడి ఆపరేషన్ లైఫ్‌లైన్ సూడాన్ మొదలుపెట్టారు. యుద్ధం నడుస్తుండగానే ఒప్పుకున్న దారుల్లో సరుకు వెళ్లింది. దానికి లోపాలు లేకపోలేదు, 1998లో అక్కడే మళ్లీ క్షామం వచ్చింది. అయినా శాంతి ఒప్పందం కోసం ఎదురుచూస్తూ కూర్చునే కన్నా, పది రోజులకు ఒక దారి అడగడం మంచిది.

## హైదరాబాద్ నుంచి

మన బియ్యానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో సుమారు 40 శాతం మనదే. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం క్యూ కట్టిన వీడియోలు అందరూ చూసి నవ్వారు. అదే వారం యెమెన్, సోమాలియా లాంటి కొనుక్కు తినే దేశాలకు అది నవ్వులాట కాదు. 2024 సెప్టెంబరు చివర్లో ఆ నిషేధం తీసేశారు. మరోవైపు, 2022 ఫిబ్రవరి నుంచి అఫ్గానిస్తాన్‌కు అటారీ–వాఘా మీదుగా గోధుమలు పంపిందీ మనమే, పాకిస్తాన్ దారి ఇస్తే. దారి దొరికితే శత్రుత్వం మధ్యలోంచి కూడా బస్తా వెళ్తుందనడానికి నేనెప్పుడూ ఇదే చెబుతాను.

మేం పాత బట్టలు, బియ్యం పోగుచేసి పంపొచ్చా?

వద్దు. ఇక్కడి నుంచి ఓడ, అక్కడ కస్టమ్స్, లారీ కలిపితే బియ్యం ధర కన్నా రవాణా ఎక్కువవుతుంది. పాత బట్టలైతే రేవులో గుట్టలుగా పడి దారికి అడ్డం.

డబ్బు పంపాలంటే?

అక్కడ పనిచేస్తున్న, లెక్కలు బయటపెట్టే పేరున్న సంస్థకే, వాళ్ల సొంత వెబ్‌సైటులో ఇవ్వండి. వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌కు వద్దు. విదేశీ సంస్థకు ఇచ్చిన దానికి ఇక్కడ ఆదాయపు పన్ను రాయితీ రాదు. బ్యాంకు ద్వారా పంపితే, విదేశాలకు పంపే డబ్బుకు రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పరిమితిలోకి వస్తుంది. ఒక్కసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా చిన్న మొత్తం వాళ్లకు ఉపయోగం, ముందుగానే సరుకు కొనుక్కోగలుగుతారు.

మా వీధిలోనూ ఆ దేశం కుర్రాళ్లున్నారు. ఏం మాట్లాడాలో తెలియట్లేదు.

అద్దె రెండు నెలలు ఆలస్యమైతే ఓనరుతో మీరు ఒక మాట చెప్పండి. ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయి ఫీజు కట్టలేక వాళ్లు పడే టెన్షన్ ఇంతా అంతా కాదు. కాలేజీలో వాయిదా అడగడానికి తోడు వెళ్లండి. కిరాణాలో జొన్నపిండి ఎక్కడ మంచిది దొరుకుతుందో చెప్పండి. దాన్ని పులియబెట్టి పలచగా పోసుకునే కిస్రా మన జొన్న అట్టుకు చిన్నాన్న కొడుకులా ఉంటుంది. మా వీధి సూడాన్ కుర్రాడు పెనం మీద తాటాకు ముక్కతో తిప్పుతూ పోస్తాడు, నాకింకా రాలేదు. ఒకటి మాత్రం నేను మొదట్లో తప్పు చేశాను. కనిపించినప్పుడల్లా "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగేవాణ్ని. దానికి అతని దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడు "నెట్‌వర్క్ వచ్చిందా?" అని అడుగుతున్నాను.